నోట పట్టిన కొమ్మ

రాజమహేంద్రవరం
1906 ఆగస్టు 9

చెల్లెలు పాపాయమ్మకు అక్క ఎస్తేరమ్మ దీవెనలు.

ఎన్నో ఏళ్ళుగా నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. ఇంతవరకూ ఎవరినీ అడగలేదు. అమ్మ కోతల నుంచి వచ్చి, అన్నం తన నోట్లో మెత్తగా నమిలి, వేలితో తీసి నీ నోట్లో పెట్టేది. నీకు పెడుతుండగా నేను చూశాను. నాకూ అలాగే పెట్టి ఉంటుంది. అప్పుడది మింగాం, అరిగింది, ఒంటికి పట్టింది. ఇప్పుడు తలుచుకుంటే నా గొంతుకి ఏదో అడ్డం పడుతుంది. ఆ ముద్ద నాకు ఏ రోజున అసహ్యం అయింది? అది అసహ్యమని నాకు చెప్పిందెవరు?

నిన్న నీ ఉత్తరం చదివాక ఆ ప్రశ్న మళ్ళీ లేచి కూర్చుంది.

మొదట సంతోషమే వేసింది. మూడేళ్ళుగా మీ పెరట్లో వంగమొక్కలు పూతకొచ్చే వేళకి నిలువునా వడిలిపోతున్నాయని, మామిడికి కట్టినట్టు వంగకి మాత్రం అంటు ఎందుకు కట్టకూడదని నీకు తోచిందని రాశావు. కాలవ గట్టు మీద ఏ తెగులూ అంటకుండా పెరిగే అడవి ఉస్తి మొక్కలు తెచ్చి, పగిలిన కుండల్లో నాటి, తల కోసి, మోడు చీల్చి, అందులో వంగ కొమ్మ దింపి, అరటి నారతో బిగించావట. నేను చెన్నపట్నంలో ఎఫ్.ఏ. చదివిన రోజుల్లో వృక్షశాస్త్రం పుస్తకంలో ఆ బొమ్మ చూడడమే గానీ ఒక్క మొక్కకీ కత్తి పెట్టి ఎరగను. మా చెల్లెలు పెట్టిందని గర్వపడ్డాను.

తరవాత ఈ మాట దగ్గర ఆగిపోయాను. "రెండు చేతులూ ఉస్తి మీదే ఉంటాయి కనక కోసిన వంగ కొమ్మని నోట్లో పట్టుకుంటాను. నాలిక మీద ఉంటే వాడదు."

నీ నోటి తడి ఆ గాటులో ఉండిపోయి, దాని చుట్టూ మొక్క అతుక్కుని, పెరిగి, కాస్తుంది. ఆ కాయ ఎవరి కంచంలోకో పోతుంది. చదువుకున్నదాన్ని, తప్పని అనలేను. ఏ శాస్త్రమూ తప్పనదు. అయినా నాకు రోత పుట్టింది. నీ దగ్గర దాచడం ఇష్టం లేక రాస్తున్నాను. పక్కన ఒక గిన్నెలో నీళ్ళు పెట్టుకుంటే ఏం పోయింది?

ఇక్కడ గోదావరి ఎర్రగా తిరిగింది. మా మిషను పాఠశాల దొరసానిగారు మెట్ల దాకా నీళ్ళొస్తాయేమోనని రోజూ వెళ్ళి చూసొస్తున్నారు. మరిది యెహెజ్కేలుకి నా ఆశీస్సులు చెప్పు.

నీ అక్క


పేట, తణుకు తాలూకా
1906 ఆగస్టు 21

అక్కయ్యకి పాపాయి రాసుకునేది.

నా చేతులు మట్టిలో ఉంటే నీ ఉత్తరం మీ మరిదిగారే చదివి వినిపించారు. సగంలో ఆయనకి నవ్వాగలేదు. ఆయన బడిలో పిల్లలు ఏమైందో అనుకుని తడిక సందుల్లోంచి తొంగి చూశారు.

అమ్మ నమిలి పెట్టిన ముద్ద నాకు గుర్తు లేదు. గుర్తుంటే ఇంకోటి పెట్టవే అని అడిగి ఉందును. నువ్వు తొమ్మిదో ఏట బోర్డింగుకి వెళ్ళిపోయావు కదా, నీకు అక్కడెవరో చెప్పుంటారు. నాకు చెప్పేవాళ్ళు లేకపోయారు.

నీళ్ళ గిన్నె నువ్వు చెప్పకముందే పెట్టి చూశాను. కొమ్మ మొన నానిపోయి చీలికలో నిలవదు, జారిపోతుంది. తడిగుడ్డలో చుట్టి చూశాను. ఆ గుడ్డ విప్పడానికి మూడో చెయ్యి కావాలి. మూడో చెయ్యి దేవుడివ్వలేదు, నోరిచ్చాడు. నీళ్ళలో వేసినవి దాదాపు అన్నీ పోయాయి. నోట పట్టినవే చిగిర్చాయి. వాటి మీద మట్టి చట్టులు బోర్లించి మంచం కింద చీకట్లో పెట్టాను. మంచం కింద వంగతోట, మంచం మీద మేమూ అని మీ మరిదిగారు వచ్చినవాళ్ళందరితోనూ అంటున్నారు.

ఇదంతా సరదాకి చేస్తున్నాననుకోకు. నీకు తెలియని సంగతి ఒకటి రాస్తాను. మా బడి పాక ఉన్న స్థలం పెద్దిరాజుగారిది. కాగితం లేదు, ఆయన నోటి మాట మీద నిలబడి ఉంది. ఏటా మొదటి కాపు వంకాయలు వాళ్ళింటికి పంపడం మాకు ఆనవాయితీ. ఆయనకి కూరంటే వంకాయే. మూడేళ్ళుగా పంపలేకపోయాం. మొన్న వీధిలో కనిపించి, "ఏం మాష్టారూ, బడికి పిల్లలొస్తున్నారు గానీ మా ఇంటికి వంకాయలు రావడం లేదే" అన్నారట నవ్వుతూ. ఆ నవ్వు మీ మరిదిగారికి నచ్చలేదు. మన పేట ఆడపిల్లలు ఊడుపుల్లోకి పోకుండా అక్షరం దిద్దుకునే చోటు ఈ చుట్టుపక్కల అదొక్కటే. దాన్ని వంకాయతో కాపాడుకోవలసి వస్తే వంకాయతోనే కాపాడుకుంటాను.

నీకు రోత పుట్టిందన్నందుకు నాకేమీ కోపం లేదు. పుట్టినా నాకే రాశావు.

పాపాయి


రాజమహేంద్రవరం
1906 సెప్టెంబరు 2

పాపాయీ,

మీరిద్దరూ నవ్వుకున్నారు, మంచిదే. నాకు నవ్వు రాలేదు.

చెన్నపట్నంలో నా గదిలో ఇంకో అమ్మాయి ఉండేది. వాళ్ళది పెద్ద కులం, క్రీస్తు మతంలో కలిసి ఎంతో కాలం కాలేదు. నా పక్కనే మోకరించి ప్రార్థన చేసేది, నా బల్ల దగ్గరే తినేది. ఒకసారి దాహమేసి ఆమె గ్లాసులో నీళ్ళు తాగాను. ఆ మధ్యాహ్నం బావి దగ్గర ఆ గ్లాసుని బూడిదతో తోముతూ, కడిగి మళ్ళీ తోముతూ కనిపించింది. నన్ను చూసి చిరునవ్వు నవ్వింది. ఆ నవ్వులో చెడేమీ లేదు, అదే నాకు భయమేసింది. మనసు మారిన మనిషికి కూడా చేతులు మారలేదు.

నన్నూ అలాంటిదాన్నే అనుకుంటున్నావేమో. కావచ్చు. కానీ నేను చెప్పేది ఇప్పుడు నా రోత గురించి కాదు. ఆ కాయలు రాజుగారింటికి పంపుతానంటున్నావు. పచ్చికాయలు మన పేట నుంచి వెళ్తే వాళ్ళు తింటారు, అందులో వాళ్ళకి అభ్యంతరం ఉండదు. నోటి సంగతి తెలిస్తే? బడిని కాపాడాలనుకున్న పనే బడి మీదికి వస్తుంది. కొబ్బరి చిప్పలో తడి ఇసుక పోసి కొమ్మలు అందులో గుచ్చుకో. నానవు, వాడవు. ఇకనుంచి అలాగే చేస్తానని నాకు మాటివ్వు. ఇవ్వకపోతే నిద్రపట్టదు.

నీ అక్క


పేట
1906 నవంబరు 26

అక్కయ్యా,

ఆలస్యంగానైనా మాట ఇస్తున్నాను. ఇసుక చిప్ప పెట్టుకున్నాను, బాగానే ఉంది. ఇకమీదట నా నోరు మాట్లాడ్డానికి, నీతో పోట్లాడ్డానికీ మాత్రమే.

కాపు చూస్తే నువ్వు నమ్మవు. పక్కింటివాళ్ళ మడి ఎప్పటిలాగే పూత మీద పడిపోయింది. నావి ఉస్తి కాళ్ళ మీద నిలబడి నవ్వుతున్నాయి. రాజుగారింటికి రెండుసార్లు పంపాం. ఇలాంటి లేతకాయ తాను ఎరగనని, గింజే తగల్లేదని ఆయన మీ మరిదిగారిని వీధిలో పిలిచి మరీ చెప్పారట. పాక కప్పు మార్చుకోవడానికి తాటాకు కూడా తోలించారు. మీ మరిదిగారి నడక మారిపోయింది.

పడవ చిట్టియ్య రాజమండ్రి రేవుకి ధాన్యం తోలుకొస్తున్నాడు. అతనితో నీకు ఒక బుట్ట పంపుతున్నాను. నీతో అబద్ధమెందుకు, ఇవి ఆగస్టులో కట్టిన మొక్కలవే, నోట పట్టినవే. ఇసుక చిప్పవి ఇంకా పిందె మీద ఉన్నాయి. నాలుగు పక్షాలుగా చీల్చి, అల్లం పచ్చిమిర్చి నూరిన ముద్ద కూరి వండించుకో. మూత పెట్టి నీళ్ళు పొయ్యకుండా మగ్గనివ్వాలి. తిని ఎలా ఉందో రాయి. నీ మాట కోసం చూస్తుంటాను. రాజుగారు మెచ్చుకున్నదానికన్నా నాకు అదే ఎక్కువ.

పాపాయి


రాజమహేంద్రవరం
1906 డిసెంబరు 7

చిరంజీవి పాపాయికి,

బుట్ట అందింది. చిట్టియ్య జాగ్రత్తగా తెచ్చాడు, ఒక్క కాయా నలగలేదు. నువ్వు చెప్పినట్టే అల్లం పచ్చిమిర్చి పెట్టించాను. రుచి చాలా బాగుంది. నువ్వు చెప్పినంత లేతగానూ ఉంది. ముచ్చికలతో సహా తిన్నాను.

ఇక్కడ క్రిస్మసు పాటలు మొదలయ్యాయి. పై తరగతి పిల్లలు రెండు గొంతులుగా విడిపోయి పాడవలసిన చోట అందరూ ఒకే గొంతుగా పాడుతున్నారు. దొరసానిగారికి తలనొప్పి. చలి ఎక్కువగా ఉంది. నువ్వు నేసి పంపిన శాలువా కప్పుకునే ఇది రాస్తున్నాను. పరీక్ష పేపర్లు దిద్దవలసినవి ఉన్నాయి గనక ఇంతటితో ఆపుతాను.

నీ అక్క


పేట
1907 జనవరి 22

అక్కయ్యా,

ముందుగా రాయవలసిన మంచీచెడ్డా ఏమీ తోచడం లేదు. బడి పోయేలా ఉంది.

రాజుగారి పెరట్లో వంగమడి కూడా వడిలిపోయింది. మా కాయలు తిన్నప్పటి నుంచీ ఆయన భార్య సీతాయమ్మగారు కబురు మీద కబురు పెట్టారు, వచ్చి తమ పెరట్లో అంటు కట్టి చూపించమని. మొన్న పెరటి దారిన వెళ్ళాను. సీతాయమ్మగారూ ఆవిడ అత్తగారూ దూరంగా వసారాలో పీటలు వేసుకుని కూర్చున్నారు. ఉస్తి మొక్కలు నేను పట్టుకెళ్ళాను. ఇసుక చిప్ప కూడా పట్టుకెళ్ళాను అక్కయ్యా, పక్కనే పెట్టుకున్నాను. మొదటి కొమ్మ చిప్పలోంచే తీసి కట్టాను.

రెండోది కడుతుండగా సీతాయమ్మగారు ఇంత సన్నపని నీకు ఎవరు నేర్పారే అని అడిగారు. ఆ ఇంట్లో నన్నొకరు అలా అడగడం అదే మొదలు. ముచ్చటేసి చెప్పుకుపోతున్నాను. మామిడి సంగతి, మంచం కింద చట్టుల సంగతి. ఉస్తి తల కోసి చీల్చి చూసుకునేసరికి కొమ్మ నా పళ్ళ మధ్య ఉంది. ఎప్పుడు పెట్టుకున్నానో నాకే తెలీదు.

ముసలావిడ చూసింది. "ఏమే, ఆ పుల్ల నోట్లో పెట్టావేంటి?" అంది.

కొమ్మ చేత్తో తీసి, "వాడకుండానండి" అన్నాను. మళ్ళీ నోట్లోనే పెట్టుకున్నాను, చెయ్యి ఖాళీ లేక.

"మాకు పంపినవాటికీ ఇంతేనా?"

ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేదని మీ మరిదిగారు తరవాత అన్నారు. అబద్ధానికైనా నిజానికైనా నోరు తెరవాలి కదా. కొమ్మ నోట్లో ఉంది. తలూపాను.

ఆవిడ లేచి బావిగట్టు దాకా వెళ్ళి కక్కుకుంది. కడుపులో ఏమీ లేకపోయినా కక్కుతూనే ఉంది. ఎప్పుడో తిన్న కాయలు అక్కయ్యా, అవి ఇంకా అక్కడ ఉంటాయా? సీతాయమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపు కాకుండా నేను కూర్చున్న నేల వైపు చూశారు. నేను కత్తీ నారా ఏరుకుని వచ్చేశాను.

మర్నాటికి వాళ్ళ వంటింటి కుండలన్నీ దిబ్బ మీద పెంకులయ్యాయి. ఇంటిల్లిపాదీ పంచగవ్యం పుచ్చుకున్నారట. చేపలమ్మే లోవమ్మ ఇంటింటికీ ఈ కథే మోసింది. మా గుమ్మంలో గంప దించి, "రాజుల చేత ఎంగిలి తినిపించావు గదమ్మా పంతులమ్మా, మా తాతల వల్ల కూడా కాలేదు" అంది. పేటలో కొందరికి నవ్వొచ్చింది. నాకు రాలేదు. సాయంత్రానికి పాలేరు వచ్చి, ఉగాదినాటికి పాక తీసెయ్యాలని రాజుగారి మాటగా చెప్పి వెళ్ళాడు.

నువ్వు ముందే చెప్పావు. మళ్ళీ చెప్పకు.

పాపాయి


రాజమహేంద్రవరం
1907 జనవరి 30

పాపాయీ,

చెప్పను. నీ ఉత్తరం చదివినప్పటి నుంచీ నా రోత అంతా అటు తిరిగింది. నీ నోటి తడి ఎంత? ఒక చుక్కా? అది మట్టిలో, ఎండలో, వానలో, ఇన్ని నెలల్లో ఎక్కడ మిగిలింది? దాన్ని కడుపులోంచి కడుక్కోవడానికి ఆవు పేడా పంచితం కలిపి తాగారు. ఆ ముసలావిడ కక్కుకున్న చోటు నుంచి లేచి, అది తాగి, ఇప్పుడు శుభ్రమయ్యానని అనుకుంటుంది. వాళ్ళ పొలంలో మన అమ్మ చెమట పడని మడి ఉందా? ఆ బియ్యం కక్కుకోలేదే.

దొరసానిగారితో మాట్లాడాను. మంచావిడే. కొత్త స్థలం కొనడానికి ఈ సంవత్సరం వీలు కాదన్నారు. ఆ తరవాత ఆవిడ అడిగిన మాట నాకు ఇంకా చేదుగా ఉంది. "మీ చెల్లెలు చదువుకున్న అమ్మాయి కదా, ఇలాంటి మురికి అలవాటు ఎలా వచ్చింది?" అన్నారు. నాకు కోపం వచ్చింది. నేనూ మొదట్లో నీకు ఇంచుమించు అదే రాశానని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

యెహెజ్కేలుని తొందరపడి రాజుగారి కాళ్ళ మీద పడవద్దని చెప్పు. వేరే దారి చూద్దాం. మీ పేటలో ఎవరి పెరడైనా చాలదా, నాలుగు నిట్రాళ్ళు పాతి కప్పు వేసుకోవడానికి?

నీ అక్క


పేట
1907 ఫిబ్రవరి 15

అక్కయ్యా,

పేటలో ఎవరి పెరడు ఎవరిది? మేమున్న ఇళ్ళు కూడా ఆ రాజుగారి దిబ్బ మీదవే. ఒక్క పాకని లేపుతానన్నారు, మేం ఎదురు మాట్లాడితే ఇళ్ళు లేపుతారు. చదువుకున్నదానివి, రాజమండ్రిలో ఉన్నదానివి, నీకు ఇది గుర్తుండదు.

నిన్న రాజుగారే వచ్చారు. వీధిలో గొడుగు కింద నిలబడి మీ మరిదిగారిని పిలిచారు. నేను తడిక వెనక ఉన్నాను. "మాష్టారూ, మా పెరట్లో కట్టిన మొక్కలు పీకించేశాను. నాలిక పీకించుకోలేను కదండీ" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ వంకాయ మర్చిపోలేకపోతున్నారట.

దానికి ఆయనో ఉపాయం ఆలోచించారు. వాళ్ళ వంట బ్రాహ్మడు పేరయ్యగారికి నేను ఈ పని నేర్పాలి. ఉస్తి మొక్కలు వాళ్ళ పాలేర్లే తెస్తారు. నేను దేన్నీ ముట్టుకోకుండా దూరంగా నిలబడి నోటితో చెప్పాలి, పేరయ్యగారు చెయ్యాలి. ఇసుక చిప్పతో కట్టుకోవచ్చండి అని మీ మరిదిగారు చెప్పారు. వద్దన్నారు. మొదట తిన్నవి ఎలా కట్టారో అలాగే ఉండాలి, రుచి మారకూడదు. కాబట్టి కొమ్మ పేరయ్యగారి నోట్లో పెట్టుకోవాలి. బ్రాహ్మడి నోరైతే దోషం లేదట. దేవుడికి మాత్రం ఆ కాయలు పెట్టరట. తాము తింటారట.

నేర్పితే పాక ఉంటుంది. ఈసారి కాగితం మీద సంతకం పెట్టిస్తానన్నారు.

మీ మరిదిగారు బడిలో పిల్లల చేత వల్లె వేయిస్తున్నారు గానీ ఏ పాఠమో ఆయనకే తెలీదు. నువ్వేమంటావు?

పాపాయి


రాజమహేంద్రవరం
1907 ఫిబ్రవరి 20

పాపాయీ,

వద్దు. ఇంతకన్నా రోత మాట నేను పుట్టాక వినలేదు. నీ నోరు పనికిరాదని చెప్పడానికి నీ నోటితోనే ఇంకొకరికి పాఠం చెప్పమంటున్నారు. బడి కోసం అది చేస్తే, ఆ బడిలో రేపు పిల్లలకి ఏం చెబుతావు? పోతే పోనీ. వెళ్ళకు.

అక్క


పేట
1907 మార్చి 8

అక్కయ్యకి,

వెళ్ళాను.

నీ ఉత్తరం అందాకే వెళ్ళాను. నువ్వు పోతే పోనీ అన్నది నీ పాఠశాల కాదు. ఆ మాట అనడం నీకు తేలికైంది.

నన్ను వాళ్ళ పెరట్లో గోడవారగా నిలబెట్టారు. పేరయ్యగారు పీట మీద కూర్చున్నారు. నీ వయసుంటుంది, పలచటి మనిషి. నేను చెప్పినట్టే ఉస్తి తల ఏటవాలుగా కాకుండా తిన్నగా కోశారు, చీల్చారు, వంగ మొన రెండు వైపులా చెక్కారు. కొమ్మ నోట్లో పెట్టుకోండి అన్నాను. ఆయన పెట్టుకోలేదు. వసారాలోంచి రాజుగారు, "కానివ్వండి పేరయ్యగారూ" అన్నారు. పెట్టుకున్నారు. పెట్టుకున్నాక నన్ను చూశారు. ఆ చూపు నీకు ఎలా చెప్పను? నా నోట్లో ఉన్నప్పుడు ముసలావిడ నన్ను చూసినట్టు తనని తాను చూసుకుంటున్నారు.

పని మాత్రం బాగా చేశారు. వాటి మీద చట్టులు బోర్లించాక బావి దగ్గర నోరు పుక్కిలిస్తూ చాలాసేపు నిలబడ్డారు. నేను దూరం నుంచే, తప్పు నాది కాదండి అన్నాను. "తెలుసమ్మా" అన్నారు. మళ్ళీ పుక్కిలించి ఉమ్మి, "నా చేతులే వీళ్ళ వంటింటివి అనుకున్నాను. ఇవాళ్టి నుంచి నోరు కూడా గిన్నెల్లో కలిపేశారు" అన్నారు. అలా అని, వాళ్ళ కూర మాడుతోందేమోనని లోపలికి పరిగెత్తారు.

ఇంటికొచ్చి నేనూ నోరు కడుక్కున్నాను. ఆ రోజు నేను నోట్లో ఏమీ పెట్టుకోలేదు. అయినా కడుక్కున్నాను.

కాగితం వచ్చింది. పాక నిలిచింది. నిన్న ఇద్దరు కొత్త ఆడపిల్లలు చేరారు. మీ మరిదిగారి నడక మాత్రం మునుపటిలా లేదు.

ఇంకొక్క మాట. ఇది రాయకూడదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. చిట్టియ్య భార్య క్రిస్మసుకి మా ఇంటికి వచ్చింది. మీ అక్కగారు బుట్టెడు వంకాయలు మాకే ఉంచుకోమన్నారమ్మా, ఎంత రుచిగా ఉన్నాయో అంది. నీ ఉత్తరం అప్పటికే వచ్చి ఉంది, ముచ్చికలతో సహా తిన్నానని. బుట్ట ఇంట్లో కూడా పెట్టించలేదట, రేవు మీదే తిప్పి పంపేశావట.

అప్పుడే అడిగి ఉందును. రాజుగారింటి గొడవ వచ్చి పడింది. నువ్వు వాళ్ళని తిడుతూ ఎంత పెద్ద ఉత్తరం రాశావు. చదువుతుంటే నాకు ఒకటే అనిపించింది. ఆ ముసలావిడ కనీసం నా కళ్ళ ముందు కక్కుకుంది.

నాకు కోపం లేదని రాయడం లేదు. ఉంది. పెరట్లో ఆగస్టు మొక్కలు నాలుగు ఇంకా కాస్తున్నాయి. ఎండాకాలానికి కాలవలు కట్టేసి పడవలు ఆగేలోగా రా. వండి పెడతాను. తింటావో మానేస్తావో నా ఎదురుగా చెయ్యి.

పాపాయి


రాజమహేంద్రవరం
1907 మార్చి 17

పాపాయీ,

చిట్టియ్య భార్య చెప్పింది నిజం. బుట్ట మూత తీసి చూశాను. కాయలు నీళ్ళు చల్లినట్టు నిగనిగలాడుతున్నాయి. ముట్టుకోలేకపోయాను. పారెయ్యడానికి మనసొప్పలేదు. ఉత్తరంలో ఒక వాక్యం రాస్తే నీకు సంతోషం, నాకు సుఖం అనుకున్నాను. సంజాయిషీ ఇంతకన్నా లేదు, సాగదీస్తే అదో అబద్ధమవుతుంది.

నీ ఉత్తరం వచ్చాక వారం రోజులు నాతో నేనే వాదులాడుకున్నాను. వాళ్ళ రోత వేరు, నా రోత వేరు అని నిరూపించుకోవాలని చూశాను. నాది శుభ్రత, వాళ్ళది కులం అన్నాను. అలా అయితే ఎవరి నోరైనా నాకు ఒకటే కావాలి. మా దొరసానిగారు పరీక్షలప్పుడు పెన్సిలు కొరుకుతూ కూర్చుంటారు, ఎన్నోసార్లు అదే పెన్సిలు నా చేతికిస్తారు, దాంతోనే మార్కులు వేస్తాను. నాకెప్పుడూ ఏమీ అనిపించలేదు. నీ నోరు మాత్రం అనిపించింది. నీ నోరంటే ఏమిటి? మన పేట. తొమ్మిదేళ్ళప్పుడు బోర్డింగులో నా జుట్టు కత్తిరించి, నా గుడ్డలు కాల్చి, కొత్తవి కట్టబెట్టి, నన్ను ఎక్కడి నుంచి తెచ్చారో అక్కడిది ఏదీ ఒంటి మీద ఉండకూడదన్నారు. నేను బాగా నేర్చుకున్నాను. పాఠాలన్నిటిలోకీ అదే బాగా వచ్చింది నాకు. ఇంత తెలిసీ ఆ బుట్ట ఇప్పుడు మళ్ళీ తెచ్చి ఎదురుగా పెడితే గొంతు మూసుకుపోతుంది. తెలిసినంత మాత్రాన గొంతు తెరుచుకోదు. ఆ సంగతి నాకు అన్నిటికన్నా రోతగా ఉంది.

పేరయ్యగారి మాట రాత్రీ పగలూ వినిపిస్తోంది. నువ్వు వెళ్ళకుండా ఉంటే ఆయనకి ఆ అవమానం ఉండేది కాదు, మన పిల్లలకి బడి ఉండేది కాదు. నువ్వు చేసింది తప్పని రాద్దామని కూర్చున్నాను, రాయలేకపోయాను. ఒప్పని రాద్దామన్నా చెయ్యి సాగలేదు. నాలా దూరంగా ఉండి వద్దన్నవాళ్ళకి ఏదో ఒకటి తేల్చే హక్కు ఉందో లేదో కూడా తెలీదు.

వచ్చే శనివారం నిడదవోలు దాకా రైల్లో వచ్చి, అక్కడ పడవ ఎక్కుతాను. యెహెజ్కేలుని రేవుకి రమ్మను. వేరే కూర ఏదీ చెయ్యకు, మజ్జిగ చాలు. నా కోసమని ఇసుక చిప్ప కాయలు కలపకు, కలిపితే నాకు తెలీదు, నీకు తెలుస్తుంది.

నువ్వు వడ్డిస్తావు. నేను ముద్ద కలుపుతాను. అది నా నోట్లోకి వెళ్తుందో, చేతిలోనే ఉండిపోతుందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. వెళ్తే అది నీ మీద ప్రేమతోనా, రాజుగారి తల్లిలాంటిదాన్ని కానని చూపించుకోవడానికా అన్నది కూడా తేలడం లేదు. అన్నీ తేలాక బయల్దేరదామంటే కాలవలు కట్టేస్తారు. అందుకని తేలకుండానే వస్తున్నాను.

ఎస్తేరు